దుఃఖానికి ఒక దరువు

వేములవాడ చుట్టుపక్కల పల్లెల్లో హనుమాజీపేట ఒకటి. ఆ ఊరి పేరు చెప్పగానే పుస్తకాలు చదివేవాళ్లకు సి.నారాయణరెడ్డి గుర్తొస్తారు. 1931లో అక్కడ పుట్టి, 'విశ్వంభర' కావ్యానికి 1988 సంవత్సరపు జ్ఞానపీఠ పురస్కారం అందుకున్న కవి ఆయన. కురుమవాడలో, గొల్లవాడలో అదే ఊరి పేరు ఎత్తితే ముందుగా వినిపించే పేరు మిద్దె రాములు. ఒగ్గు కథ చెప్పినవాడు. ఎల్లమ్మ కథకు పేరు పడ్డవాడు. 2010లో కన్నుమూశాడు. ఒకే ఊరి నుంచి ఇద్దరు లయ తెలిసిన మనుషులు వచ్చారు. ఇది యాదృచ్ఛికం అనుకోవడానికి నాకు మనసు ఒప్పదు. చిన్ననాడు ఊళ్లో విన్న హరికథలు, జంగం కథలు, జానపదాలే నారాయణరెడ్డిని పాట వైపు లాగాయి. రాములుకు ఆ వాకిలే బడి.

2016లో పాత కరీంనగర్ జిల్లా ప్రధానంగా నాలుగు ముక్కలైంది: కరీంనగర్, జగిత్యాల, పెద్దపల్లి, రాజన్న సిరిసిల్ల. పాత ఆదిలాబాద్ కూడా ఆదిలాబాద్, నిర్మల్, మంచిర్యాల, కుమురం భీం ఆసిఫాబాద్‌గా విడిపోయింది. గోదావరి మాత్రం అప్పటిలాగే ఈ రెండు సీమల నడుమ పారుతోంది. ఈవలి ఒడ్డున డోలు, ఆవలి ఒడ్డున గోండు గూడేల్లో కమానుతో తీసే కిక్రి. ఇక్కడ ఎల్లమ్మ, మల్లన్న, బీరప్ప. అక్కడ నాగోబా, పెర్సపేన్, పద్మల్‌పురి కాకో. భాష వేరు, దేవుళ్లు వేరు, వాద్యాలు వేరు. రెండు ఒడ్డుల మీదా ఒక సంగతి మాత్రం సమానం. మనిషి లోపల పేరుకుపోయిన దుఃఖాన్నీ భయాన్నీ సంబరాన్నీ బయటికి తీసే పని మాటకు అప్పజెప్పరు, వాద్యానికి అప్పజెప్తారు. మాట తర్వాత వస్తుంది.

ఒగ్గు అంటే శివుడి చేతిలోని డమరుకం. దాన్ని మోగించి మల్లన్న కథ, బీరప్ప కథ చెప్పేవాళ్లు ఒగ్గోళ్లు. ఎక్కువగా కురుమ, గొల్ల కులాలవాళ్లు. దేవుడి పెండ్లి చేసేదీ వాళ్లే, పట్నం వేసేదీ వాళ్లే, రాత్రంతా కథ చెప్పేదీ వాళ్లే. పూజారి, చిత్రకారుడు, నటుడు, గాయకుడు అని నలుగురిని పిలిచే అవసరం ఉండదు. అన్నీ ఆ మేళమే. మేళంలో ముందు నిలబడే కథకుడు ఒకడు, అతని మాట అందుకునే రెండోవాడు ఒకడు, వెనుక డోలు, తాళాలు, కంజిర. కొన్ని మేళాల్లో నపీర కూడా ఉంటుంది. కాళ్లకు గజ్జెలు, తలకు రుమాలు, మెడలో గవ్వల పేరు, ఒంటి మీద బండారి. మల్లన్న పసుపును బండారి అంటారు. కథ మొదలయ్యేసరికి కథకుడి ముఖం, చేతులు, విన్నవాళ్ల నుదుళ్లు అన్నీ ఆ పసుపు రంగుకు తిరుగుతాయి.

ముందు పట్నం పడుతుంది. అలికిన నేల మీద తెల్లని పిండితో గీతలు, వాటి నడుమ పసుపు, కుంకుమ, ఎండిన ఆకు దంచిన పచ్చపొడి, బొగ్గుపొడి. వేళ్ల సందుల నుంచి పొడి జారుతుంటే గడులు, పూలు, త్రిశూలాలు లేస్తాయి. ఈ పని మౌనంగా జరగదు. పక్కన డోలు మోగుతూనే ఉంటుంది. మంచి మేళంలో గమనించి చూడండి, గీసేవాడి చెయ్యి దరువు మీదే కదులుతుంది. పట్నం పూర్తయ్యే కొద్దీ దరువు బిగుసుకుంటుంది. చివరికి ఆ బొమ్మ మీద దేవుడి పెండ్లి జరుగుతుంది. మల్లన్నకు మేడలమ్మతో, గొల్ల కేతమ్మతో. లేదా బీరప్పకు కామరాతితో. గంటల తరబడి వేసిన బొమ్మను తొక్కి చెరిపేస్తారు. అప్పుడు ఊగేవాళ్లు ఊగుతారు, పూనకం వచ్చేవాళ్లకు వస్తుంది. ఆ క్షణానికి డోలు ఎంత వేగం అందుకుంటుందంటే కొట్టేవాడి చెయ్యి కంటికి ఆనదు.

చాలామందికి ఒగ్గు డోలు అంటే ఆ వేగమే తెలుసు. నాకు అంతకన్నా విలువైనదిగా కనిపించేది దాని నెమ్మది.

ఎల్లమ్మ కథను తీసుకోండి. జమదగ్ని భార్య రేణుక. పుట్టింటి మాట లేదు, సొంత మాట లేదు. పచ్చి ఇసుకతో కుండ చేసి, పామును చుట్టకుదురుగా పెట్టుకుని నీళ్లు తెచ్చే పతివ్రత. ఒకనాడు ఏటి దగ్గర చూపు చెదిరింది, కుండ నిలవలేదు. భర్త కోపం కొడుకు చేతి గండ్రగొడ్డలి అయింది. ఇక్కడ చెప్పే కథలో తల్లి ప్రాణభయంతో పరుగెడుతుంది. ఎవరి ఇల్లూ ఆమెను దాచదు. చివరికి మాదిగవాడలో తోలు నానబెట్టే లంద ఆమెకు చోటిస్తుంది. కులాల నిచ్చెనలో అందరికన్నా కింద నిలబెట్టినవాళ్లు దేవతను కాపాడిన కథ ఇది. అందుకే ఈ ఘట్టం కోసం జనం నిద్ర ఆపుకొని కూర్చుంటారు.

ఈ ఘట్టంలో ఒగ్గు మేళం చేసే పని చూడాలి. కథకుడు నడుముకు కట్టిన వస్త్రం విప్పి తల మీద కప్పుకుంటాడు. అంతే, మీసమున్న మనిషి ఎల్లమ్మ అవుతాడు. దరువు పరుగులో ఉంటుంది. గజ్జెలు దాని వెంట ఉంటాయి. "కొడుకా" అన్న మాట దగ్గర డోలు ఒక్కసారిగా తెగుతుంది. తాళాలు మాత్రం సన్నగా నడుస్తాయి. కథకుడు మాటను వదిలి రాగం అందుకుంటాడు. ఇక్కడి ఆడవాళ్లు చావు దగ్గర పెట్టే శోకం ఏ తీరులో లేస్తుందో, ఆ రాగం అదే తీరులో లేస్తుంది. పైకి ఎగసి, చివరన జారి, ఊపిరి తెగే దగ్గర ఆగుతుంది. ఆ శోకం వినని ఇల్లు ఊళ్లో ఉండదు కాబట్టి ఎల్లమ్మ దుఃఖం వినేవాళ్లకు పురాణంలా తోచదు. ఎవరి తల్లి వారికి కనబడుతుంది. వాకిట్లో కూర్చున్న ముసలివాళ్లు కొంగులతో కళ్లు ఒత్తుకుంటారు. అప్పుడు డోలు మెల్లగా, ఒక్కో దెబ్బగా మళ్లీ మొదలవుతుంది.

ఆ వెంటనే రెండోవాడు ఒక వెకిలి మాట వేస్తాడు. అంతా నవ్వుతారు. కొత్తగా చూసేవాళ్లకు ఇది రసభంగంలా అనిపించవచ్చు. తెల్లవార్లూ సాగే కథలో ఒకే బరువును మోస్తూ కూర్చోలేరని మేళానికి తెలుసు. ఏడుపు తర్వాత నవ్వు, నవ్వు మీద మళ్లీ ఏడుపు. రెండోవాడి "ఔనా?", "అట్లనా?" అనే ఊకొట్టు కూడా ఉబుసుపోకకు కాదు. కథకుడు చెప్పిన ప్రతి ముక్కా ఆ మాట మీద ఆగి, లయలో పడి, వినేవాడి దాకా వస్తుంది.

జపాన్‌లో తెర వెనుక గది

ఇదే పనిని ఎంతో కట్టుదిట్టంగా చేసే నాటకం జపాన్‌లో ఒకటి ఉంది. పేరు కబుకి. 1603 ప్రాంతంలో ఇజుమో నో ఓకుని అనే స్త్రీ క్యోటోలో ఆడిన ఆటతో మొదలైందని చెబుతారు. 1629లో అక్కడి పాలకులు ఆడవాళ్లు రంగస్థలం ఎక్కకూడదన్నారు. అప్పటి నుంచి ఆడవేషాలను మగవాళ్లే వేస్తున్నారు. 2008లో కబుకి యునెస్కో మానవాళి వారసత్వ జాబితాలో చేరింది.

కబుకి రంగస్థలం మీద, ప్రేక్షకులకు ఎడమ చేతి వైపు, నల్లని చిక్కం వెనుక ఒక గది ఉంటుంది. వాద్యకారులు అక్కడ కూర్చుని చిక్కం సందుల్లోంచి నటుడిని కనిపెట్టి వాయిస్తారు. జనానికి వాళ్లు కనబడరు. మంచు కురిసే రాత్రిని చూపించాలంటే పెద్ద డోలును మెత్తటి గుడ్డ చుట్టిన కర్రతో తడుతూ ఉంటారు. మంచుకు చప్పుడు ఉండదు. అయినా ఆ గుబగుబ వినగానే జనానికి చలి తెలుస్తుంది. దయ్యం వచ్చే ముందు అదే డోలు మీద సన్నని వరుస దెబ్బలు పడతాయి. కుడివైపు మూల ఒక మనిషి మోకాళ్ల మీద కూర్చుని చెక్క పలక మీద రెండు కొయ్య దిమ్మలతో కొడతాడు. నటుడు కోపం పతాక స్థాయికి చేరి, కళ్లు మెల్లగా తిప్పి, బొమ్మలా బిగుసుకుని నిలబడే క్షణాన ఆ దెబ్బలు పడతాయి. అది పడగానే ప్రేక్షకుల్లోంచి తెలిసినవాళ్లు ఆ నటుడి వంశం పేరు పెట్టి అరుస్తారు.

ఒక ఘట్టం చెబుతాను. 1746లో ముందు తోలుబొమ్మలాటలాంటి బొమ్మల నాటకంగా ఒసాకాలో ఆడి, వెంటనే కబుకిలోకి వచ్చిన 'సుగవారా దెంజు తెనారాయ్ కగామి' నాటకంలోని పల్లె బడి దృశ్యం అది. మత్సుఒ అనేవాడు తన ఇంటికి మేలు చేసిన దొర కొడుకును కాపాడటానికి తన కన్నకొడుకునే ఆ బడికి పంపుతాడు. దొర కొడుకుకు బదులు ఆ పిల్లవాడి తల తెగుతుంది. తల గుర్తుపట్టవలసిన అధికారిగా వచ్చింది కూడా ఆ తండ్రే. పెట్టె మూత తీసి, కొడుకు తలను చూసి, ఇది దొర కొడుకు తలే అని చెప్పాలి. కంట తడి కనబడకూడదు. తర్వాత, శత్రువులు వెళ్లిపోయాక, చచ్చిపోయిన తమ్ముడి పేరు చెప్పుకుని ఏడుస్తాడు. ఆ ఏడుపులో కొడుకు కోసం ఏడ్చేదెంతో చూసేవాళ్లకు తెలుసు. నటుడు నోరు బిగించి ఉన్నంతసేపూ పక్కన గద్దె మీద కూర్చున్న గాయకుడు, మూడు తీగల షమిసెన్ తోడుగా, ఆ తండ్రి లోపలి మాటలను పాడుతూ ఉంటాడు. దుఃఖం ఒకరిది, గొంతు ఇంకొకరిది.

మనకూ ఇలాంటి కథ ఉంది. జంగమయ్యకు వడ్డించడానికి కన్నకొడుకు సిరియాళుడిని బలిచ్చిన చిరుతొండనంబి కథ. శ్రీనాథుడు 'హరవిలాసం'లో చెప్పాడు, భాగోతాల్లో ఆడారు. తల్లి వంటింట్లో ఉండాలి, ఏడవకూడదు, ఏడిస్తే వ్రతం చెడుతుంది. ఏడవకూడని చోట నిలబడ్డ తల్లిదండ్రుల కోసం పక్కనున్నవాడు ఏడవాలి. జపాన్‌లో ఆ పక్కవాడికి గద్దె వేశారు. కరీంనగర్ పల్లెలో అతను డోలు మెడకు తగిలించుకుని కథకుడి భుజం పక్కనే నిలబడి ఉంటాడు. గది లేదు, చిక్కం లేదు, మంచు కురిపించే యంత్రాంగం లేదు. ఒక్క వస్త్రం, ఒక్క డోలు. ఆ వస్త్రమే కొంగు, అదే కిరీటం, మడిచి చేతుల్లోకి తీసుకుంటే అదే పసిబిడ్డ. కళగా ఒగ్గు కథ కబుకికి ఎక్కడా తీసిపోదని నేను నమ్ముతాను. దాని వెనుక నిలబడ్డ ఆదరణ మాత్రం చాలా చాలా తక్కువ.

పదకొండో రోజు

ఈ సీమలో కథకు మరో పని కూడా ఉంది. అది దేవుడి పెండ్లికి సంబంధించింది కాదు. ఇంట్లో మనిషి పోతే దినాల నాడు, పెద్దకర్మ నాడు, కథ చెప్పేవాళ్లను పిలిపించే ఆచారం చాలా ఇళ్లలో ఉంది. ఒగ్గోళ్లు, బుడిగ జంగాలు, శారదకాళ్లు వస్తారు. పోయిన మనిషి ఎట్లా బతికాడు, ఎవరిని ఎత్తుకుని పెంచాడు, ఎవరితో మాట పట్టింపు వచ్చింది, ఏ కోరిక తీరకుండా పోయాడు, అన్నీ ముందే అడిగి తెలుసుకుంటారు. ఆ సంగతులే పాటగా కడతారు. పాటలో పోయినవాడు మాట్లాడతాడు. "బిడ్డా" అని పెద్ద కూతురిని పిలుస్తాడు, "తమ్ముడా" అని దూరం కూర్చున్నవాడిని పిలుస్తాడు. అప్పటిదాకా పనుల హడావుడిలో, లెక్కల్లో, వచ్చినవాళ్లకు మర్యాదలు చేయడంలో కన్నీళ్లు పక్కన పెట్టిన మనుషులు అక్కడ కూలబడతారు.

2023 మార్చిలో వచ్చిన 'బలగం' సినిమా ఈ ఆచారాన్ని తెలుగునేల అంతటికీ చూపించింది. దర్శకుడు వేణు యెల్దండి సిరిసిల్ల బిడ్డ. చావింట్లో కాకి ముట్టకపోవడం చుట్టూ, విడిపోయిన అన్నాచెల్లెళ్ల చుట్టూ అల్లిన కథ. చివర్లో మొగిలయ్య, కొమురమ్మ దంపతులు పాడతారు. వాళ్లు సినిమా నటులు కాదు, వరంగల్ వైపు బుడిగ జంగం కళాకారులు. ఊరూరా పోయి ఇదే పని చేసుకుని బతికినవాళ్లు. ఆ కొన్ని నిమిషాల పాట కోసం ఊళ్లలో చావిడి ముందు తెర కట్టి సినిమా వేసుకున్నారు. ఆడామగా వరుసలుగా కూర్చుని బోరున ఏడ్చారు. ఏళ్ల తరబడి మాటల్లేని అన్నదమ్ములు సినిమా చూసి కలిశారని పత్రికల్లో వార్తలు వచ్చాయి. మొగిలయ్య 2024 డిసెంబరులో కన్నుమూశాడు.

సినిమాలో ఆ పాట పతాక సన్నివేశం. కరీంనగర్ పల్లెలో అది పదకొండో రోజు మధ్యాహ్నం జరిగే పని. ఈ సీమకు దాని అవసరం ఎందుకు ఇంత ఉందో ఇక్కడి బతుకు చూస్తే తెలుస్తుంది. సిరిసిల్లలో మరమగ్గాల చప్పుడు మధ్య నేతన్నల ఆత్మహత్యలు చూసిన ఇళ్లు ఉన్నాయి. జగిత్యాల, నిర్మల్ వైపు ఇంటికొకడు గల్ఫ్‌కు పోయిన ఊళ్లు ఉన్నాయి. అక్కడ చనిపోతే శవం పెట్టెలో వస్తుంది. రోజులు గడిచాక, ఒక్కోసారి వారాలు గడిచాక. కడసారి చూపు కూడా సరిగా దక్కని తల్లికి "అమ్మా" అని పాటలోనైనా కొడుకు మాట వినిపించాలి. ఆ బాధ్యత డాక్టరు తీసుకోలేడు, ఆఫీసు తీసుకోలేదు. తంబూర పట్టుకుని వచ్చిన మనిషి తీసుకుంటాడు. ఇచ్చింది పుచ్చుకుని పోతాడు.

ఇక్కడ ఒక పేరు చెప్పకుండా ముందుకు పోలేను. కబుకిలో ఆడవాళ్లకు దారి మూసుకుపోయింది కదా, గోదావరి ఒడ్డున బాసరలో పుట్టిన ఒక స్త్రీ ఆ దారిని మన దగ్గర బార్లా తెరిచి పెట్టింది. చిందుల ఎల్లమ్మ. చిందు భాగోతంలో ఆడవేషాలే కాదు, మగవేషాలూ కట్టింది. నిజామాబాద్, ఆదిలాబాద్, కరీంనగర్ సీమల్లో ఆమె ఎల్లమ్మ వేషం కట్టి వస్తే దేవతే వచ్చినట్టు మొక్కేవారు. జాంబవంతుడి వారసులమని చెప్పుకునే చిందు మాదిగల కళ అది. మద్దెల, తాళం, గజ్జె కలిసి వేషగాడి ప్రతి అడుగునూ నేలకు కొట్టి చెప్పే ఆట. ఆమె 2005లో కన్నుమూసింది. లంద తల్లిని దాచిన కథను ఆ లంద ఎవరిదో వాళ్ల ఇంటి ఆడబిడ్డే ఆడి చూపించింది. ఆ కథకు అంతకన్నా హక్కుదారు ఉండదు.

ఆవలి ఒడ్డు

గోదావరి దాటి జైనూరు వైపు ఎక్కితే మార్లవాయి వస్తుంది. హనుమాజీపేటలాగే ఈ గోండు గూడెం అనగానే గుర్తొచ్చే మనుషుల పేర్లూ రెండున్నాయి. 1940లో జోడేఘాట్‌లో కుమురం భీం నేలకొరిగాక, గోండులు ఎందుకు తిరగబడ్డారో తెలుసుకోవడానికి నిజాం ప్రభుత్వం ఆస్ట్రియాలో పుట్టిన మానవ శాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్‌ను పంపింది. ఆయన భార్య బెట్టీ ఎలిజబెత్‌తో కలిసి మార్లవాయిలో గుడిసె వేసుకుని ఉన్నాడు. 1948లో 'ది రాజ్ గోండ్స్ ఆఫ్ ఆదిలాబాద్' పుస్తకం అచ్చయింది. 1987లో పోయిన బెట్టీ సమాధి మార్లవాయిలోనే ఉంది. రెండో పేరు కనక రాజు. గుస్సాడీ నాట్యాన్ని ఎంతోమంది పిల్లలకు నేర్పినవాడు. 2021లో పద్మశ్రీ ప్రకటించారు. 2024 అక్టోబరులో, దీపావళి దగ్గరలో ఉండగా పోయాడు.

హైమెన్‌డార్ఫ్ రాసుకున్న గోండు పురాణాల్లో చాలా భాగం ప్రధాన్‌ల నోటి నుంచి వచ్చింది. గోండు వంశాల చరిత్రను కాపాడేది గోండులు కాదు, వాళ్లను ఆశ్రయించుకున్న ప్రధాన్‌లు, తోటీలు. ప్రతి గోండు వంశానికీ తమ కథ చెప్పే ఇల్లు ఒకటి ఉంటుంది. వాళ్ల చేతిలో కిక్రి ఉంటుంది. మూడు తీగలు, ఒక కమాను. షమిసెన్‌కూ మూడు తీగలే. దాన్ని మీటుతారు, దీన్ని కమానుతో తీస్తారు. కమాను తీగ మీద సాగేటప్పుడు వచ్చే నాదం మనిషి గొంతుకు ఎంత దగ్గరంటే, చెప్పేవాడు ఊపిరి తీసుకునే వ్యవధిలో కిక్రి అతని వాక్యాన్ని కొనసాగిస్తుంది. పుష్య అమావాస్యకు ఇంద్రవెల్లి మండలం కేస్లాపూర్‌లో మెస్రం వంశం వాళ్లు నాగోబాకు పూజ చేస్తారు. హస్తినమడుగు నుంచి గంగాజలం మోసుకుని కాలినడకన వస్తారు. ఆ నడక దారిలోనూ, మర్రిచెట్ల కింద బసలోనూ ప్రధాన్‌ల నోట వంశకథ వినబడుతూ ఉంటుంది. దేవుడికి పరిచయం కాని కోడలు ఆ వంశంలో పూర్తిగా చేరనట్టే. కొత్త కోడళ్లను దేవుడి ముందు 'భేటింగ్' చేయించి పరిచయం చేస్తారు.

దండారి దీపావళి ముందు రోజుల పండుగ. గూడెం గూడెం మొత్తం మరో గూడేనికి చుట్టరికానికి పోతుంది. గుమ్మెల, డోల్, తుడుం, పెప్రె, కాలికోమ్ అన్నీ వెంట వెళతాయి. అందరిలో ముందుగా కంట పడేది గుస్సాడీ. నెత్తిన నెమలి ఈకల మల్‌బూర, ఒళ్లంతా బూడిద, భుజం మీద జంతువు తోలు, చేతిలో దండం, నడుముకూ కాళ్లకూ గజ్జెలు. దీక్ష పట్టిన అన్ని రోజులూ స్నానం చేయడు. దేవుడు పూనిన మనిషి కాబట్టి అతని చెయ్యి తగిలితే జబ్బు పోతుందని నమ్ముతారు. అదే గుస్సాడీ ఉన్నట్టుండి జనం మీదికి ఉరికి భయపెడతాడు, పిల్లలను తరుముతాడు, వావివరసలు పెట్టి ఎగతాళి చేస్తాడు. భయమూ భక్తీ నవ్వూ ఒకే మనిషి ఒంటి మీద ఉంటాయి. ఏ క్షణాన ఏది పైకి రావాలో చెప్పేది వాద్యమే. పెప్రె సన్నని కూత మీద నెమలి ఈకలు వణుకుతాయి. డోల్ దెబ్బ మారగానే అడుగు మారుతుంది. చీర కట్టిన మగపిల్లలు ఆ గుంపులో కోలలు పట్టి ఆడతారు. మగవాడు ఆడవేషం కట్టడం ఎవరి ఆజ్ఞ వల్లా వచ్చింది కాదు ఇక్కడ, పండుగలో భాగం. మంచిర్యాల జిల్లా దండేపల్లి మండలం గుడిరేవు దగ్గర గోదావరి ఒడ్డున పద్మల్‌పురి కాకో గుడి ఉంది. దండారి బృందాలు అక్కడికి చేరిన రోజుల్లో ఒక బృందం వాద్యం మీద ఇంకో బృందం వాద్యం పడి, నది మీదంతా ఒకే నాదం అవుతుంది.

పేరు వచ్చాక ఈ కళలకు ఏం జరుగుతోందో కూడా చెప్పాలి. తెలంగాణ వచ్చాక డోలుకు గౌరవం పెరిగింది. ఊరేగింపుల్లో, సభల్లో, రాష్ట్ర పండుగల్లో ఒగ్గు డోలు లేకుండా జరగడం లేదు. వరుసగా నిలబడ్డ పాతికమంది యువకులు డోళ్లు ఎత్తి గిరగిరా తిరుగుతుంటే, ఒకరి భుజాల మీద ఒకరు ఎక్కి వాయిస్తుంటే ఒళ్లు పులకరిస్తుంది. కూలికి పోయే పిల్లలకు నాలుగు డబ్బులు దొరకడమూ, బండారి పూసుకుని నలుగురిలో నిలబడటమూ మంచిదే. గుస్సాడీకీ ఢిల్లీ దాకా పిలుపు వచ్చింది. అయితే వేదిక ఇచ్చేది పది నిమిషాలు, పావుగంట. అంత సేపట్లో పట్టేది వేగం ఒక్కటే. కథ పట్టదు. "కొడుకా" దగ్గర డోలు తెగిపోయే ఆ నిశ్శబ్దం పట్టదు. అందువల్ల కొత్తగా డోలు పట్టిన పిల్లవాడు ఉరుకుడు దరువులన్నీ నేర్చుకుంటున్నాడు. నడక దరువు, శోకం కింద నడిచే ఒంటిదెబ్బ నేర్చుకునే అవసరం అతనికి రావడం లేదు. ఆ దెబ్బ మీద పాడే కథకుడు పక్కన లేకపోతే అది నేర్పేవాడూ ఉండడు.

జనగామ వైపు ఒగ్గు కథకుడు చుక్క సత్తయ్య కథను వదలకుండానే వేదికకు తెచ్చాడు. ఆయన సంగీత నాటక అకాడమీ పురస్కారం అందుకున్నాడు, 2017లో పోయాడు. ఆయన తరం ఒక్కొక్కరే వెళ్లిపోయింది. గోండుల దగ్గర పరిస్థితి ఇంకా ఇరుకుగా ఉంది. గుస్సాడీ ఆడే యువకులు దొరుకుతారు. కిక్రి తీసి వంశకథ మొదటి నుంచి చివరిదాకా చెప్పగల ప్రధాన్, తోటీ పెద్దలు కొద్దిమందే. కథ చెప్పించుకునే ఇల్లు ధాన్యం, మేక, బట్ట ఇచ్చి ప్రధాన్‌ను పోషించిన రోజులు పోయాయి. కిక్రి పక్కన పెట్టి కూలికి పోయినవాడిని ఎవరూ తప్పు పట్టలేరు. ఆచార్య జయధీర్ తిరుమలరావు, గూడూరు మనోజ ఊళ్లు తిరిగి ఇలాంటి వాద్యాలను సేకరించి ప్రదర్శనలు పెట్టారు. వాద్యం దొరకడం సగం పని. దాన్ని ఏ మాట దగ్గర ఆపాలో తెలిసిన చెయ్యి మిగిలిన సగం.

ఈ సంగతిలో జపాన్ నుంచి నేర్చుకోదగిన పని ఒకటి ఉంది. టోక్యోలోని జాతీయ నాట్యశాల 1970 నుంచి కబుకి నటులకు శిక్షణ ఇస్తోంది. తర్వాత కొన్నేళ్లకు కథాగాయకులకు, షమిసెన్ వాద్యకారులకు, డోలు వాయించేవాళ్లకు విడివిడిగా శిక్షణ మొదలుపెట్టారు. వంశంలో పుట్టని పిల్లలను కూడా తీసుకున్నారు. నటులను మాత్రమే తయారు చేస్తే నాటకం మూగపోతుందని వాళ్లకు అర్థమైంది. మన దగ్గర పురస్కారం ముందు నిలబడ్డ మనిషికి వస్తుంది. పక్కన డోలు కొట్టినవాడి పేరు కరపత్రం మీద కూడా పడదు. వరంగల్‌లోని జానపద గిరిజన విజ్ఞాన పీఠం లాంటి చోట్ల చదువు ఉంది, పరిశోధన ఉంది. ఎల్లమ్మ కథ మొత్తాన్ని, దరువుతో సహా, ఒక తరం నుంచి ఇంకో తరం చేతిలో పెట్టే బడి వేములవాడలోనో, ఉట్నూరులోనో ఉండాలి. నేర్పే పెద్దలకు నెలజీతం, నేర్చుకునే పిల్లలకు పూట గడిచే వసతి ఇచ్చి నడపాలి. అదంత పెద్ద ఖర్చు కాదు.

వినాలనుకునేవాళ్లకు దారి దూరం లేదు. సంక్రాంతి దాటాక మల్లన్న జాతరలు మొదలవుతాయి. పెద్దపల్లి జిల్లాలో ఓదెల మల్లన్న గుడికి పోతే పట్నాలు పడటం చూడవచ్చు. పుష్య అమావాస్యకు కేస్లాపూర్, దీపావళి ముందు మార్లవాయి, గుడిరేవు. గూడేనికి పోయేవాళ్లు గుస్సాడీ పక్కన నిలబడి ఫోటో దిగే తొందర కాస్త ఆపుకుని, ముందు పటేల్ అనుమతి అడగాలి. అది వాళ్ల దేవుడి పండుగ. ఇంట్లో బీరప్ప పండుగో, ఎల్లమ్మ బోనమో చేసేవాళ్లకు ఒక మాట. మేళాన్ని పిలిచేటప్పుడే తెల్లారేదాకా అని మాట్లాడుకోండి, దానికి తగ్గట్టు డబ్బు కట్టివ్వండి, డోలు కొట్టేవాడికి విడిగా బట్టలు పెట్టండి. గంటలో ముగించమంటే వాళ్లు ముగిస్తారు, కాదనరు. ఆ గంటలో పెండ్లి వస్తుంది, హారతి వస్తుంది. ఎల్లమ్మ లంద దాకా పరుగెత్తే ఘట్టం రాదు.